ఏడు పన్నెండుకు ఎవరు నవ్వారు?

మంగళవారం మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకు డిటెక్టివ్ అతియా బేగం ‘రివ్వు’ కంపెనీ నాలుగో అంతస్తు గేటు దగ్గర ఇరుక్కుపోయింది. సందర్శకుల కార్డు ఆనించింది కానీ గేటు తెరుచుకోలేదు. పక్కనున్న చిన్న తెర మీద మూడు మొహాలు వెలిగాయి. ఒకటి నవ్వేది, ఒకటి మామూలుది, ఒకటి ఏడుపుగొట్టుది. వాటి కింద ‘ఈరోజు మీరెలా ఉన్నారు?’ అన్న ప్రశ్న.

మనుషులతో అవసరానికి అబద్ధాలాడే అతియాకు యంత్రంతో ఆడవలసిన అవసరం కనిపించలేదు. ఏడుపు మొహం మీద వేలు పెట్టింది. యంత్రం బుస్సుమంది. ‘అయ్యో! మీతో త్వరలో మాట్లాడతాం’ అన్న మాట తెర మీద పడింది. గేటు మాత్రం చలించలేదు. ఆమె వెనక నలుగురు చేరారు.

“మేడమ్, నవ్వు నొక్కుండ్రి. జల్దీ తెరుచుకుంటది,” వెనకనుంచి ఒక అమ్మాయి గుసగుసగా చెప్పింది. “ఏడుపు నొక్కితే అర నిమిషం ఆపుతది. మీటింగ్‌కు సుత పిలుస్తరు.”

అర నిమిషానికి గేటు తెరుచుకుంది. అతియా లోపలికి అడుగుపెట్టి, అక్కడే పక్కకు జరిగి నిలబడింది. ఆ అమ్మాయి ఒక చేత్తో ఫోన్ చూసుకుంటూ రెండో చేత్తో కార్డు ఆనించి, తలెత్తకుండానే నవ్వు మొహం నొక్కింది. చిన్న పాట వినిపించింది. కింది సందులోంచి కాఫీ చీటీ ఒకటి బయటికొచ్చింది. గేటు తెరుచుకుంది. తక్కిన ముగ్గురూ అంతే. ఒక్కరూ తెర వైపు చూడలేదు. పైన గోడ మీద పెద్ద బోర్డు ‘ఈరోజు మన ఆనందం 98%’ అని వెలుగుతోంది.

అతియా దాన్ని చూసి పెదవి విరిచింది. ఆమె బ్యాగులో ఉన్న నూట నలభై మూడు కాగితాలు ఆ బోర్డు మాటను ఒప్పుకోవు.

ఇంటి సామాను పది నిమిషాల్లో గుమ్మంలోకి చేర్చే యాప్ రివ్వుది. మూడేళ్లలో నలభై మంది ఉద్యోగులు ఆరువందలయ్యారు. అక్కడ పనిచేసేవాళ్లు తమ అనుభవాలు రాసి సంతకాలు పెట్టిన కాగితాలు అవి. వాటిని లేబరు ఆఫీసుకివ్వడానికి ఐదు నెలలుగా పోగుచేసినవాడు ఎరిక్ అనే ఇంజనీరు. శనివారం పొద్దున అతను ఆఫీసుకొచ్చి రెండు లక్షల మంది కస్టమర్ల చిరునామాలు దొంగిలించాడని కంపెనీ నిన్న అతని మీద నేరం మోపింది. ఈరోజు ఐదింటిలోగా అతను ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. దొంగతనం చేశాననీ, ఆ అనుభవాలన్నీ తాను అల్లిన కట్టుకథలనీ, రాజీనామా చేస్తున్నాననీ అందులో ఉంది. పెట్టకపోతే పోలీసు కేసు.

చిలకలగూడలో అతియా ఇంటి పక్క సందులో ఉండే హదస్సా టీచరు, ఎరిక్‌కు అక్క. పొద్దున్నే పరుగున వచ్చి ఆమె తలుపు తట్టింది. “అతియా ఆపా, మావాడు మొండోడు గానీ దొంగ కాదు,” అని ఒక్క మాటే చెప్పి, నిన్న ఎరిక్ తన డ్రాయరులోంచి ఇంటికి తెచ్చిన ఆ కాగితాల కట్ట చేతిలో పెట్టి కూలబడింది. అతియా పద్నాలుగేళ్లు ఒక ఇన్సూరెన్సు కంపెనీకి క్లెయిములు తనిఖీ చేసిన మనిషి. ఏడ్చేవాళ్లందరినీ నమ్మే అలవాటు ఆమెకెప్పుడో పోయింది. కానీ మొండివాళ్లంటే మాత్రం మహా ఇష్టం.

ఎరిక్‌ను పొద్దున వెనక లిఫ్టులో తీసుకొచ్చి అద్దాల గదిలో కూర్చోబెట్టారు. ముప్పై ఒక్కేళ్ల మనిషి. ముందు కాగితం, కాగితం మీద పెన్ను. పెన్ను మూత కూడా తియ్యలేదు.

“శనివారం పొద్దున ఎక్కడున్నవ్?”

“ఇంట్ల పండుకున్న అక్కా. సాక్ష్యం మా అక్కనే. వాళ్లు ఒప్పుకోరు.”

“కార్డు?”

“శుక్రవారం సాయంత్రం నా బల్ల మీద మర్చిపోయిన. బయటికి పోయేటప్పుడు గేటుకు కార్డు అక్కర్లేదు గదా, యాదికి రాలేదు. సోమవారం రిసెప్షన్‌ల పేరు రాసి లోపలికొస్తే ఆడ్నే ఉంది.”

“ఎవరన్నా తీసి, మళ్లీ పెట్టి ఉండొచ్చు.”

“గదే నేను మొత్తుకునేది. కార్డొక్కటి ఉంటే చాలు, నా కంప్యూటరు తెరుచుకుంటది, నా డ్రాయరు సుత తెరుచుకుంటది.”

అతియా కంపెనీ ఇచ్చిన చిట్టా తీసింది. ఏడు పన్నెండుకు గేటు దగ్గర ఎరిక్ కార్డు. ఏడు ఇరవై నాలుగుకు అతని కంప్యూటరు తెరుచుకుంది. ఏడు నలభైకి చిరునామాల కాపీ పూర్తయింది. ఆ ఉదయం కెమెరాలు రిపేరులో ఉన్నాయట.

“ఈ గేటు శనివారం సుత మొహం నొక్కమంటదా?”

“ఆదివారం సుత వదలదు.”

“నువ్వు రోజూ ఏది నొక్కుతవ్?”

ఎరిక్ మొదటిసారి తలెత్తాడు. “ఏడుపుదే. లీలాకుమారి అని మా టీమ్‌ల ఉండె అక్కా. మూడు దినాలు ఇంటికి పోకుండ పనిచేసింది. పొద్దున గేటు కాడ నవ్వు నొక్కింది, పదకొండింటికి బల్ల మీద పడిపోయింది. అంబులెన్స్‌ల తీస్కపోయిన్రు. ఆ సాయంత్రం బోర్డు మీద ఆనందం తొంభై ఎనిమిదే ఉండె. ఆమె నవ్వు సుత అందుల ఉంది. గా దినం నుంచి నా చెయ్యి నవ్వు మీదికి పోలే. ఎనిమిది నెలలైంది. మీటింగులకు పిలిచిన్రు, ప్రమోషన్ ఆపిన్రు. నొక్కలే.”

అతియా చిట్టా మడిచింది. లేచి గబగబా బయటికి నడిచింది. ఆమె అలా నడిచిందంటే దారి దొరికినట్టే.

*

ఆ మొహాల యంత్రాన్ని పెట్టించింది ప్రిసిల్లా. కంపెనీ కల్చర్ విభాగానికి అధిపతి. ముత్యాల్లాంటి పలువరుస, మాట మాటకూ ‘మన ఫ్యామిలీ’. సందర్శకురాలు తన యంత్రం గురించి అడిగేసరికి ఆమె మొహం వెలిగిపోయింది.

“ఇండియాలో ఇంకెక్కడా లేదండీ ఇలాంటిది. ఎవరు ఏ రోజు ఎలా ఫీలయ్యారో మొత్తం రికార్డవుతుంది.”

“అట్లయితే ఎరిక్ పేజీ ఒకసారి చూడొచ్చా? అంత బాధలో ఉన్న మనిషి ఏమన్నా చేసుకుంటడేమోనని వాళ్లక్క పరేషాన్ అయితున్నది.”

ఇది మనుషులతో ఆడే రకం అబద్ధం. ప్రిసిల్లా క్షణం కూడా ఆలోచించకుండా ప్రింటు తీసి చేతిలో పెట్టింది. తన యంత్రం మీద అంత మురిపెం ఆమెకు.

నూట అరవై నాలుగు పనిదినాలు. నూట అరవై నాలుగు ఏడుపు మొహాలు, వరసగా, ఒక్కటి తప్పకుండా. ఆఖరి వరసలో శనివారం, ఏడు పన్నెండు. నవ్వు. దాని పక్కన కాఫీ చీటీ జారీ అయినట్టు, వాడనట్టు రెండు గుర్తులు.

“ఏం అమ్మా, మా ఇంటికి దారి మర్చిపోయినవనుకున్న.”

ఆ గొంతు అతియాకు తెలుసు. రామ్మోహనరావు. రిటైరైన డీఎస్పీ, ఇప్పుడు రివ్వు సెక్యూరిటీకి పెద్ద. ఆరేళ్ల కింద రాణీగంజ్‌లో ఒక గోదాము తగలబడితే కరెంటు వైర్ల వల్ల అని ఆయన రిపోర్టు రాశాడు. కిరోసిన్ డబ్బా ఎక్కడ కొన్నారో కనుక్కొచ్చి అతియా ఆ రిపోర్టును తిరగరాయించింది. ఆయన దాన్ని మర్చిపోలేదు. ఆమె కూడా, సంతోషంగా, మర్చిపోలేదు.

“దారి మరువలే సార్. గేటే ఆపింది.” ప్రింటు ఆయన ముందు పెట్టింది. “ఎనిమిది నెలలు ఏడ్చినోడు దొంగతనానికి వచ్చిన పొద్దు నవ్విండట. చూసిన్రా?”

ఆయన ఒక్క చూపు చూసి తేలిగ్గా నవ్వాడు. “ఇది బొమ్మలాట. సాక్ష్యం కాదు. కసి తీర్చుకుంటున్న అని ఖుషీగ నొక్కి ఉంటడు. ఒకసారి నవ్వుతే ఎరిక్ కాకుండ పోతడా?”

“ఎరిక్ కాకుండనే పోయిండు. ఆ కార్డు పట్టుకొచ్చినోడు రోజూ చూడకుండ నవ్వు నొక్కేటోడు. వేలు దానంతటదే పోయింది. మీ సెక్యూరిటీవాళ్లు ఈ గేటు నుంచి రారు, పెద్దలు వెనక లిఫ్టుల వస్తరు. అంటే వచ్చినోడు ఇక్కడి ఉద్యోగి.”

“ఆరువందల మంది ఉన్నరు. పట్టుకో.” ఆయన గడియారం చూపించాడు. “నాలుగయింది. నీకు గంట టైమున్నది. నేను ఇరవై తొమ్మిదేండ్లు పోలీసుల చేసిన. జడ్జి ముందట ఈ బొమ్మ పెడితే నవ్వుతడు అమ్మా.”

అది నిజమే. అతియాకు అది నచ్చలేదు, కానీ నిజమే. కోపాన్ని దిగమింగి, ప్రింటు మీద ఆఖరి గుర్తును మళ్లీ చూసింది. చీటీ బయటికొచ్చింది, కానీ వాడలేదు. మరి ఆ కాగితం ముక్క ఎటు పోయింది?

*

కాఫీ యంత్రం ఉన్న మూల గదిని శుభ్రంచేసేది విజయమ్మ. హౌస్‌కీపింగ్ కాంట్రాక్టు మనిషి. యాభై దాటాయి. శనివారం కూడా తొమ్మిదింటికి డ్యూటీకొస్తుంది. చీటీల మాట ఎత్తగానే కప్పులు తుడుస్తున్న గుడ్డ ఆమె చేతిలో ఆగిపోయింది.

“నాకేం ఎర్కలేదమ్మా. మాకు కాఫీ తాగనిక్కె లేదు. స్టాఫ్‌కే.”

“నేను కంపెనీ మనిషిని కాదు విజయమ్మా. ఎరిక్ కోసం వచ్చిన.”

విజయమ్మ తలుపు వైపు చూసింది. తర్వాత అతియా వైపు చూసింది. “ఆ పిలగాడు దొంగట గదా. నేను నమ్మలే. మొన్న నా బిడ్డ ఫీజు కట్టే తాన తక్లీఫ్ అయితే, ఆయన కూసోని ఫోన్‌ల దరఖాస్తు నింపిండు.”

“ఐదింటికి ఆయన్ని పోలీసులకు పట్టిస్తరు.”

విజయమ్మ గబగబా మూలకు నడిచింది. చీపుర్లు, బకెట్లు పెట్టుకునే సన్నటి గది తలుపు తీసింది. లోపల మేకుకు ఆమె సంచి వేలాడుతోంది. టిఫిన్ డబ్బా మూత తీసి, మడత పెట్టిన చీటీ ఒకటి బయటికి తీసింది.

“ఒక సారు కాఫీ తాగడమ్మా, కడుపుల మంట. రోజు గేటు కాడ ఒచ్చిన చీటీ నాకోసమని గీ మేకుకు గుచ్చి పోతడు. రెండేండ్ల సంది ఒక్కరోజు తప్పలే. శనివారం నేనొచ్చేసరికి సుత ఉండె. శనివారం కాఫీ మిషన్ బంద్. అందుకే దాసుకున్న, సోమవారం పెడితే తీసుకోలే, ఏ దినం చీటీ ఆ దినానికేనట. నాకు ఇంగిలీషు రాదు. ఏం రాసున్నదో ఏమో.”

చీటీ మీద చీమంత అక్షరాల్లో ఎరిక్ పేరు, శనివారం తేదీ, ఏడు పన్నెండు.

అతియా దాన్ని వెలుతురుకు పట్టి రెండుసార్లు చదివింది. పట్టలేని సంతోషం, వెంటనే మెల్లగా ఏదో దిగులు. ఎందుకంటే నేరస్థుణ్ణి పట్టిచ్చింది అతని దుర్మార్గం కాదు. రోజూ చేసే మంచిపని అతన్ని పట్టిచ్చింది.

“ఆ సారు ఎవరు?”

“దయాకర్ సారు.”

అతియాకు ఆ పేరు తెలుసు. పొద్దున చదివిన కాగితాల్లో పదహారోది అతనిది. తక్కినవన్నీ చదువుతుంటే ఒళ్లు మండింది. తండ్రి పెద్దకర్మ రోజు మీటింగులో కెమెరా ఆన్ చెయ్యలేదని ఒకతను సంజాయిషీ రాసుకున్నాడు. కాన్పు నొప్పులు మొదలయ్యాక కూడా ఒకావిడ ఆస్పత్రి మంచం మీద లాప్‌టాప్ మూయలేదు. పదహారోది మాత్రం వేరు. ‘మొదట్లో బోయిన్‌పల్లిలో ఉల్లిగడ్డల గోదాము పైన నలభై మందిమి ఉండేవాళ్లం. ఒక్క గిన్నె చుట్టూ కూర్చుని బగారా అన్నం తినేవాళ్లం. అప్పుడు నవ్వమని ఎవరూ చెప్పలేదు. నవ్వేవాళ్లం.’ ఆ మాట దగ్గర ఆమె కాసేపు ఆగిపోయింది. దాన్ని రాసిన మనిషే ఇతను.

చీటీకి ఫోన్‌లో నాలుగు ఫొటోలు తీసి, ఒకటి హదస్సాకు, రెండోది తన వకీలుకు పంపింది. తర్వాత దయాకర్ బల్ల దగ్గరికి వెళ్లింది.

నలభై ఏళ్లవాడు, ఎరిక్ టీమ్‌కు లీడరు. ఎరిక్ పేరు చెప్పగానే “నాకూ బాధగానే ఉంది మేడమ్” అన్నాడు. చూపు మాత్రం కీబోర్డు మీదే ఉంది.

“శనివారం పొద్దున ఎక్కడున్నరు?”

“మోండా మార్కెట్ల. కూరగాయలు.”

“ఏం కొన్నరు?”

“టమాటలు, బెండకాయలు... ఎందుకు?”

“ఈరోజు గేటు కాడ ఏ మొహం నొక్కిన్రు?”

అతను తడబడ్డాడు. “నవ్వుదే అనుకుంట. చూడలే.”

“శనివారం సుత చూడలే మీరు.” అతియా గొంతు పెంచలేదు. “చీటీ మీది పేరు సుత చూడలే. విజయమ్మ మేకుకు గుచ్చి పోయిన్రు.”

దయాకర్ మొహంలో రక్తం లేదు. కుర్చీ వెనక్కి నెట్టి, తనంతట తనే అద్దాల గది వైపు నడిచాడు.

*

నాలుగు గంటల యాభై రెండు. అద్దాల గదిలో ఎరిక్, ఎదురుగా రామ్మోహనరావు, ప్రిసిల్లా, ఒక మూల దయాకర్. అతియా ప్రింటునూ చీటీనీ పక్కపక్కన బల్ల మీద పెట్టింది.

రామ్మోహనరావు చీటీని చూశాడు. మొహం గంటుపెట్టుకుని, “ఇది ఎవరి చేతుల దొరికింది?” అన్నాడు. “హౌస్‌కీపింగ్ వాళ్లు స్టాఫ్ చీటీలు దాసుకునుడు దొంగతనం. ఆ ఆడమనిషిని ఈ నిమిషమే తీసేస్తున్న. దొంగ చెప్పిన మాట ఎవరు వింటరు?”

“నేనే ఇచ్చిన. దయాకర్ సారు నాకోసమని మేకుకు గుచ్చిపోయిన చీటీ అది.” తలుపు దగ్గర విజయమ్మ నిలబడి ఉంది. చేతిలో తడిగుడ్డ అలాగే ఉంది. “తీసేయ్ సారూ. కప్పులు కడిగే పని ఊర్ల ఎక్కడైనా దొరుకుతది. పోలీసు స్టేషన్ల సుత గీ మాటే చెప్త, కోర్టుల సుత చెప్త.”

ఎరిక్ దయాకర్ వైపే చూస్తున్నాడు. “అన్నా, నువ్వా?”

“నేనే.” దయాకర్ గోడకు ఆనుకున్నాడు. “పిల్లల స్కూలు, ఇంటి లోను... అవన్నీ చెప్పను ఎరిక్. భయపడ్డ, గంతే. మన టీమ్ ఆనందం తొంభై ఐదు దాటతలేదని ఎనిమిది నెలల సంది నన్ను రోజు కూసోబెట్టి తిట్టిన్రు. నీ ఒక్కడి ఏడుపు వల్ల. ఈ ఒక్కటి చేస్తే నా జోలికి రామన్నరు.”

“ఎవరన్నరు?” అతియా అడిగింది.

దయాకర్ రామ్మోహనరావు వైపు చూశాడు. తర్వాత ప్రిసిల్లా వైపు చూశాడు. ఆ రెండు చూపులు చాలు.

“చిరునామాలు ఎందుకు దొంగిలించమన్నరు?”

“చిరునామాలు ఎవరికి కావాలె మేడమ్? అవి కంపెనీవే గదా.” దయాకర్ ఎరిక్ వైపు తిరిగాడు. “ఆ కాపీ దానంతటదే నడిచింది. ఆ పదహారు నిమిషాలు నేను డ్రాయరు తెరిచి కాగితాలు ఫొటోలు తీసిన. వాళ్లకు కావలసినయి సంతకాలు. నూట నలభై మూడు పేర్లు. నా పేరు తీసేస్తమన్నరు.”

అతియా గిరుక్కున గోడ గడియారం వైపు తిరిగింది. తనది ఎంత తెలివితక్కువతనం! పొద్దుటినుంచి ఎరిక్‌ను కాపాడాలని పరుగెడుతోంది. ఐదు గంటల గడువు ఎరిక్‌ది ఒక్కడిదే కాదు.

“ప్రిసిల్లా గారూ, ఐదింటికి ఏమున్నది?”

ప్రిసిల్లా పెదవులు కదిలాయి. ఆ మాట బయటికి రాకముందే దయాకర్ జేబులో ఫోన్ మోగింది. ఎరిక్‌ది మోగింది. అద్దాల అవతల ఒక బల్ల మీద, తర్వాత పక్క బల్ల మీద, తర్వాత హాలంతా మోగాయి. మనుషులు ఒక్కొక్కరే తలలెత్తారు.

దయాకర్ తన ఫోన్ తెరిచి పైకే చదివాడు. “రేపు ఉదయం పది గంటలకు పదిహేను నిమిషాల మాట. కార్డు, లాప్‌టాప్ వెంట తీసుకురాగలరు.” ఆ కంపెనీలో ఆ రెండూ వెంట తెమ్మన్నారంటే ఉద్యోగం ఊడినట్టేనని తెలియనివాడు లేడు. “నాకు సుత వచ్చింది,” అన్నాడు దయాకర్, ఇంకా నమ్మలేనట్టు.

ఎరిక్ ముందున్న కాగితాన్ని నాలుగు ముక్కలు చేశాడు. పెన్నును మూత తియ్యకుండానే రామ్మోహనరావు వైపు దొర్లించి, గది బయటికొచ్చి, గేటు దాటి అవతల నిలబడ్డాడు. అక్కణ్ణుంచి మళ్లీ కార్డు ఆనించాడు. ఏడుపు మొహం నొక్కాడు. యంత్రం బుస్సుమంది. అర నిమిషం ఆగి లోపలికొచ్చాడు.

ఇందాక అతియాకు సలహా చెప్పిన అమ్మాయి లేచింది. ఫోన్ సంచిలో పడేసి, గేటు దాటి, వెనక్కి తిరిగి, ఈసారి తెరను తేరిపార చూసి నొక్కింది. ఆమె వెనక ఒకతను వచ్చి నిలబడ్డాడు. అతని వెనక ఇద్దరు. బోర్డు మీద తొంభై ఎనిమిది తొంభై ఏడయింది.

“ఆ మిషన్ బంద్ చెయ్!” రామ్మోహనరావు అరిచాడు.

“దాని స్విచ్ నా దగ్గర లేదు సార్. కల్చర్ మేడమ్ దగ్గరుంటది,” అన్నాడు గేటు దగ్గరి గార్డు, కుర్చీలోంచి లేవకుండానే.

వరుస మెట్లదాకా పెరిగింది. ఆఖర్న దయాకర్ చేరాడు. అతన్ని ఎవరూ రమ్మనలేదు, పొమ్మనలేదు. తన వంతు వచ్చినప్పుడు కార్డు ఆనించాడు. వేలు అలవాటుగా నవ్వు మీదికి వెళ్లి, ఆ గాజుకు వెంట్రుకవాసి దూరంలో ఆగింది.

అతియా చూపు అక్కడే ఉంది. రేపు లేబరు ఆఫీసులో ఇతను సాక్ష్యం చెబుతాడా లేదా అన్నది ఆ వేలి కింద ఉంది. చెప్పకపోతే నూట నలభై మూడు మందీ రోడ్డున పడతారు.

దయాకర్ వేలు పక్కకు జరిగింది. యంత్రం బుస్సుమంది. అతను ఆ అర నిమిషమూ తలెత్తి బోర్డునే చూస్తూ నిలబడ్డాడు.